సవాలు విసిరేవాళ్లు చాలు, సవాల్ అడిగేవాళ్లు కావాలి

లఫ్జ్ ఒకటే. ఉర్దూలో సవాల్ అంటే ప్రశ్న. అదే లఫ్జ్ తెలుగులోకి వచ్చాక 'సవాలు' అయింది, తొడగొట్టి 'దమ్ముంటే రా' అనడం అయింది. పదో తరగతి దాకా ఉర్దూ మీడియంలో చదివి, డిగ్రీ తెలుగులో చేసినవాణ్ణి కాబట్టి ఈ రెండు అర్థాలూ నా చెవిలో పక్కపక్కనే మోగుతుంటాయి. బడిలో ఉస్తాద్ 'సవాల్ పూఛో' అంటే అర్థం కానిది అడగమని. మైకు ముందు లీడర్ 'సవాలు విసురుతున్నా' అంటే చప్పట్లు కొట్టమని.

మన ఖౌమ్ సియాసత్ అంతా ఈ రెండో అర్థంలోనే నడుస్తోందన్నది నా షికాయత్. జల్సాలో గొంతు చించుకునేవాళ్లు మనకు కావలసినంత మంది ఉన్నారు. వాళ్ల తఖ్రీర్లు వాట్సాప్‌లో ఇల్లిల్లూ తిరుగుతాయి. కానీ సభలోకి వెళ్లి, కాగితం మీద నాలుగు లైన్లు రాసి, 'హుజూర్, దీనికి లెక్క చెప్పండి' అని సర్కారును అడిగేవాళ్ల పేర్లు చెప్పమంటే మనం తడుముకుంటాం. తెలుగు పత్రికలు రోజూ వాడే 'జవాబుదారీతనం' అనే మాట మన జవాబ్‌దారీలోంచి పుట్టిందే. మాట మన ఇంట్లోంచే వెళ్లింది. ఆ పని మాత్రం మన ఇంట్లో సాగడం లేదు.

నేను చెప్పబోయేది ఒక్కటే. ఎంపీని గానీ ఎమ్మెల్యేని గానీ తఖ్రీర్‌తో తూచడం మానేద్దాం. అతను రాతపూర్వకంగా ఏం అడిగాడు, దానికి ఏం జవాబు తెచ్చాడు అన్నదానితో తూచుదాం.

ఈ సవాల్ ఎలా నడుస్తుంది

చాలామందికి తెలియదు కాబట్టి ముందు ఇది చెబుతాను. లోక్‌సభలో ఎంపీ రెండు రకాల ప్రశ్నలు అడగొచ్చు. మొదటిది నక్షత్రం గుర్తున్న ప్రశ్న. దానికి వజీర్ సభలో నిలబడి నోటితో జవాబివ్వాలి. ఆ జవాబు మీద మళ్లీ అనుబంధ ప్రశ్నలు వేయొచ్చు. రోజుకు 20 ప్రశ్నలే ఈ జాబితాకు ఎక్కుతాయి. గంటసేపట్లో వాటిలో కొన్నే తెములుతాయి. రెండోది నక్షత్రం లేని ప్రశ్న. దీనికి జవాబు కాగితం మీద వస్తుంది. ఇవి రోజుకు 230 దాకా ఉంటాయి. రాజ్యసభలో ఈ లెక్కలు 15, 160. కనీసం 15 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. నోటీసులు ఎక్కువ వస్తే లాటరీ తీస్తారు. మన శాసనసభల్లోనూ నక్షత్రం ఉన్నవీ లేనివీ రెండు రకాలూ ఉన్నాయి.

ప్రశ్నకు షరతులు కూడా ఉన్నాయి. 150 మాటలు దాటకూడదు. వాదన ఉండకూడదు, నింద ఉండకూడదు, వెటకారం ఉండకూడదు. అంటే జల్సాలో మనం నారాలు కొట్టే సరుకు ఏదీ అందులో పనికిరాదన్నమాట. పనికొచ్చేదల్లా ఎక్కడ, ఎప్పుడు, ఎంత, ఎందుకు అన్నవే.

ఆ నాలుగు లైన్ల కాగితం మంత్రిత్వ శాఖకు చేరాక దానికి ఒక తారీఖు పడుతుంది. ఆ తారీఖుకల్లా జవాబు తయారు కావాలి. పదిసార్లు దఫ్తర్ చుట్టూ తిరిగినా మనకు కనిపించని ఫైలును ఆ కాగితం కోసం వెతుకుతారు. కింది దఫ్తర్లకు ఫోన్లు వెళ్తాయి. చివరికి వజీర్ పేరు మీద జవాబు సభ టేబుల్ మీదికి వస్తుంది, రికార్డులోకి ఎక్కుతుంది. తెలిసి అబద్ధం రాస్తే అది సభా హక్కుల ఉల్లంఘన కిందికి వస్తుంది. జల్సాలో చెప్పిన అబద్ధానికి అలాంటి ముప్పు లేదు.

ఈ హక్కు ఎవరో ఖైరాత్‌గా ఇచ్చింది కాదు. 1892 చట్టంతోనే అంగ్రేజ్ సర్కార్ కౌన్సిల్ సభ్యులను ప్రశ్న అడగనిచ్చింది. అడిగి, ఇచ్చిన జవాబు విని, కూర్చోవాలి. జవాబు మీద మళ్లీ అడగడానికి 1909 దాకా ఆగాల్సి వచ్చింది. స్వరాజ్యం వచ్చాక రాజ్యాంగంలో 75వ అధికరణం కేంద్ర మంత్రివర్గం మొత్తాన్నీ లోక్‌సభకు జవాబుదారీ చేసింది. 164వ అధికరణం రాష్ట్ర మంత్రివర్గాన్ని శాసనసభకు జవాబుదారీ చేసింది. వజీర్ జవాబివ్వడం అతని మెహర్బానీ కాదు, ఫర్జ్.

రాయించుకోవడం విలువ మనకు ఎవరూ కొత్తగా నేర్పనక్కర్లేదు. ఖురాన్‌లో అన్నిటికన్నా పొడుగైన ఆయత్ నమాజ్ గురించి కాదు, రోజా గురించి కాదు. సూరా బఖరాలోని ఆ 282వ ఆయత్ అప్పు గురించి చెబుతుంది. గడువు పెట్టి అప్పు ఇచ్చిపుచ్చుకునేటప్పుడు రాసుకోమని, గవాహులను పెట్టుకోమని తాకీదు చేస్తుంది. పక్కింటాయనకు పదివేలు ఇస్తే కాగితం రాయించుకునే మనం, సర్కారు మనకు బాకీపడ్డ స్కాలర్‌షిప్పుల గురించి, ఉద్యోగాల గురించి నోటిమాటతో ఎందుకు సరిపెట్టుకుంటున్నాం? రాతపూర్వక ప్రశ్న అంటే సర్కారు చేత రాయించుకునే కాగితమే. మొత్తం సభే దానికి గవాహు.

నాలుగు కాగితాలు

ఇదంతా కితాబీ మాట అనుకోకండి. ఈ మధ్య కాలపు కాగితాలు నాలుగు మీ ముందు పెడతాను.

మొదటిది 2020 ఫిబ్రవరి 4 నాటిది. 'లవ్ జిహాద్' అనే మాటతో మన పిల్లల మీద, మన గల్లీల మీద ఎన్నేళ్లుగా బురద చల్లుతున్నారో మీకు తెలుసు. టీవీల్లో దాని మీద గంటలకొద్దీ అరిచారు. మనవాళ్లూ తిరిగి అరిచారు. ఎవరి అరుపు ఎవరికీ ఎక్కలేదు. కేరళకు చెందిన ఒక ఎంపీ లోక్‌సభలో దీన్నే ప్రశ్నగా అడిగారు. జవాబిచ్చింది అప్పటి హోంశాఖ సహాయమంత్రి, మన సికింద్రాబాద్ ఎంపీ జి. కిషన్ రెడ్డి. ఇప్పుడున్న చట్టాల్లో ఆ మాటకు నిర్వచనమే లేదని, కేంద్ర సంస్థల్లో ఏ ఒక్కటీ అలాంటి కేసు నమోదైనట్టు తెలపలేదని ఆ జవాబు చెప్పింది. కేరళలో రెండు మతాంతర వివాహాల కేసులను ఎన్ఐఏ దర్యాప్తు చేసిందని మాత్రం చేర్చింది. వంద తఖ్రీర్లు చేయలేని పని ఆ ఒక్క కాగితం చేసింది. ఇవాళ ఎవరైనా ఆ మాట ఎత్తితే 'మీ సర్కారే రాసిచ్చిన జవాబు ఇదిగో' అని చూపించొచ్చు. మనలో ఎంతమంది దాన్ని చూపించాం? అది ఉందని ఎంతమందికి తెలుసు?

రెండోది అదే ఏడాది సెప్టెంబర్‌ది. కరోనా పేరుతో ఆ సమావేశాల్లో ప్రశ్నోత్తరాల సమయాన్నే ఎత్తేశారు. వజీర్ నిలబడి జవాబు చెప్పే పనే లేకుండా పోయింది. మిగిలింది రాతపూర్వక ప్రశ్నలొక్కటే. లాక్‌డౌన్‌లో నడిచి నడిచి దారిలో ప్రాణాలు పోగొట్టుకున్న వలస కూలీలు ఎంతమంది అని అడిగితే, సెప్టెంబర్ 14న కార్మికశాఖ అలాంటి లెక్క తమ దగ్గర లేదంది. లెక్కే లేదు కాబట్టి పరిహారం ప్రశ్నే తలెత్తదంది. ఇళ్లకు చేరినవాళ్లు కోటీ నాలుగు లక్షల పైచిలుకు అని మాత్రం లెక్క ఉంది. బతికి చేరినవాళ్లను లెక్కపెట్టిన సర్కారుకు దారిలో రాలిపోయినవాళ్లు లెక్కకు రాలేదు.

కథ అక్కడితో ఆగిపోయేదే. కానీ అదే వారంలో రాజ్యసభలో డెరెక్ ఓబ్రియన్ అడిగిన ప్రశ్న కార్మికశాఖకు వెళ్లలేదు, రైల్వేకు వెళ్లింది. ఆయన అడిగింది శ్రామిక్ రైళ్లలో ఎంతమంది చనిపోయారని. సెప్టెంబర్ 9 దాకా 97 మంది అని రైల్వే మంత్రి పీయూష్ గోయల్ రాసివ్వాల్సి వచ్చింది. ఇక్కడ ఆగి ఆలోచించండి భాయ్. ఒక వజీర్ లెక్క లేదన్నాడు. అదే సర్కారులో ఇంకో వజీర్ 97 అన్నాడు. ప్రశ్న ఏ తలుపు తట్టింది, ఎంత గురిగా తట్టింది అన్నదే తేడా. లెక్క లేదన్న జవాబుతో ఇంటికి వచ్చేస్తే ఆ 97 మంది కాగితం మీద కూడా ఉండేవారు కాదు.

మూడోది మన తిరుపతిని తాకిన కాగితం. 2021 జులై 20న రాజ్యసభలో ఆరోగ్యశాఖ ఇచ్చిన జవాబు, ఆక్సిజన్ కొరత వల్ల ప్రత్యేకంగా మరణాలు సంభవించినట్టు రాష్ట్రాలేవీ తెలపలేదంది. సిలిండర్ కోసం రాత్రంతా క్యూలో నిలబడ్డ కుటుంబాలు ఆ వాక్యం చదివి నోరెళ్లబెట్టాయి. దేశమంతా గోల లేచింది. కేంద్రం రాష్ట్రాలను మళ్లీ లెక్కలు అడగక తప్పలేదు. ఆ తర్వాత ఆగస్టులో పార్లమెంటుకు ఇచ్చిన జవాబులో ఆంధ్రప్రదేశ్ పేరు వచ్చింది. ఆ ఏడాది మే 10న తిరుపతి రుయా ఆసుపత్రిలో ఆక్సిజన్ పైపుల్లో ఒత్తిడి పడిపోయి, వెంటిలేటర్ మీద ఉన్న కొందరు రోగులు చనిపోయారని అందులో ఒప్పుకున్నారు. ఆ రాత్రి పోయినవాళ్లు 11 మంది అని అధికారులు ముందే ప్రకటించారు. 'ఎవరూ పోలేదు' నుంచి 'కొందరు పోయారు' దాకా సర్కారును నడిపించింది ఏమిటి? ఒక ప్రశ్న, దానికొచ్చిన సిగ్గుమాలిన జవాబు, ఆ జవాబు అచ్చులో ఉండటం.

నాలుగోది మన ఇళ్లను నేరుగా తాకిన దెబ్బ. 2022 డిసెంబర్ 8న కేరళ ఎంపీ టి.ఎన్. ప్రతాపన్ ప్రశ్నకు జవాబుగా, మౌలానా ఆజాద్ నేషనల్ ఫెలోషిప్‌ను 2022-23 నుంచి ఆపేస్తున్నట్టు అప్పటి మైనారిటీ వ్యవహారాల మంత్రి స్మృతి ఇరానీ లోక్‌సభకు తెలిపారు. వేరే ఫెలోషిప్‌లు ఉన్నాయి కదా, ఇది వాటితో కలిసిపోతోంది అన్నది సబబుగా చెప్పారు. ముస్లిం, క్రైస్తవ, సిక్కు, బౌద్ధ, పార్శీ, జైన పిల్లలు ఎం.ఫిల్., పీహెచ్‌డీ చేయడానికి ఆసరాగా ఉన్న పథకం అది. అంతకు కొద్ది రోజుల ముందే ప్రీ-మెట్రిక్ స్కాలర్‌షిప్ తొమ్మిది, పది తరగతులకే కుదించుకుపోయింది. ఎనిమిదో తరగతి దాకా చదివే పిల్లలకు అది ఆగిపోయింది.

ఈ నాలుగో కాగితం మనకు ఆనందం ఇచ్చేది కాదు. కానీ ఒక సంగతి చూడండి. ఆ ప్రశ్న అడిగిన ప్రతాపన్ మన ఖౌమ్‌వాడు కాదు, మన రాష్ట్రంవాడు కాదు. తెలుగు రాష్ట్రాల నుంచి లోక్‌సభకు 42 మంది, రాజ్యసభకు 18 మంది వెళ్తారు. ఏ జిల్లాలో మన ఓట్లు లేవు? కర్నూలు ఎంపీ, నిజామాబాద్ ఎంపీ, గుంటూరు ఎంపీ, ఎవరైనా సరే, మన పిల్లల స్కాలర్‌షిప్ గురించి అడగడానికి టోపీ పెట్టుకోనక్కర్లేదు. వాళ్లు అడగకపోవడం ఒక తప్పు. వాళ్లు అడగాలని మనం ఆశించకపోవడం రెండో తప్పు. 'మనోడు' అయితే తఖ్రీర్ చేస్తే చాలనుకుంటాం. 'మనోడు కాకపోతే' ఇఫ్తార్‌కు వస్తే చాలనుకుంటాం. ఇద్దరినీ ఇంత సస్తాగా వదిలేసింది మనమే.

'జవాబు తప్పించుకుంటారు కదా భాయ్'

ఈ మాట నాతో చాలామంది అన్నారు. ప్రశ్న అడిగితే ఏమవుతుంది, వజీర్లు గుండ్రంగా తిప్పి రాస్తారు కదా అని. నిజమే, తిప్పుతారు. ఇన్నేళ్లుగా పత్రికల్లో పనిచేస్తూ ఆ జవాబులు చదివిచదివి వాటి అలవాట్లు నాకు కంఠతా వచ్చేశాయి. ఒక్కొక్కదానికీ తోడ్ ఉంది.

'సమాచారం సేకరిస్తున్నాం, సభ ముందుంచుతాం' అంటారు. ఇది తప్పించుకోవడంలా కనిపిస్తుంది గానీ సభ నియమాల్లో ఇది వాదా. పార్లమెంటులో ఇలాంటి హామీల వెంటపడటానికే ఒక కమిటీ ఉంది. లోక్‌సభలో అది 1953 నుంచీ ఉంది. మూడు నెలల్లో ఆ హామీ నెరవేర్చాలి. అడిగిన సభ్యుడు మూడు నెలల తర్వాత గుర్తు చేయాలి. అతను మరిచిపోతే మనం అతనికి గుర్తు చేయాలి.

'ఇది రాష్ట్రాల పరిధి' అంటారు. అయితే అదే ప్రశ్నను రాష్ట్ర సభలో అడగాలి. కేంద్రాన్ని మాత్రం 'మీరు రాష్ట్రానికి ఎంత పంపారు, అందులో ఖర్చు కాగితాలు ఎంతకు వచ్చాయి' అని అడగాలి. రెండు జవాబులూ పక్కపక్కన పెడితే ఎవరి బండారం వాళ్లే బయటపెడతారు.

'ప్రశ్న తలెత్తదు' అంటారు. ఇది చాలాసార్లు అడిగినవాడి చేతకానితనం. మొదటి ముక్కలో 'సర్కారు దృష్టికి వచ్చిందా' అని అడిగి, రెండో ముక్కలో 'వస్తే ఏం చేశారు' అని అడిగితే, వజీర్ మొదటిదానికి 'రాలేదు' అని, రెండోదానికి 'తలెత్తదు' అని రాసి టీ తాగుతాడు. ప్రశ్నలో ప్రతి ముక్కా తన కాళ్ల మీద తాను నిలబడాలి.

ఒక మిసాల్ చెబుతాను. ఉర్దూ మీడియం టీచర్ పోస్టుల కథ మనకు పాతదే. రోస్టర్‌లో కొన్ని పోస్టులు వేరే వర్గాలకు వెళ్తాయి. ఆ వర్గాల్లో ఉర్దూలో చదివినవాళ్లు దొరకరు. పోస్టు ఖాళీగా ఉండిపోతుంది, క్లాసులో పిల్లలు మాత్రం ఉంటారు. దీని మీద మనవాళ్లు వేసే ప్రశ్న ఇలా ఉంటుంది: 'ఉర్దూ బడులలో టీచర్ల కొరత ఉన్న మాట నిజమేనా? నిజమైతే ప్రభుత్వం తీసుకుంటున్న చర్యలేమిటి?' దీనికి జవాబు నేనే రాసి ఇవ్వగలను: 'ప్రభుత్వం తగిన చర్యలు తీసుకుంటోంది.' అక్కడితో కిస్సా ఖతం.

అదే ప్రశ్నను ఇలా అడగమనండి. జిల్లాలవారీగా మంజూరైన ఉర్దూ మీడియం ఎస్జీటీ, స్కూల్ అసిస్టెంట్ పోస్టులు ఎన్ని? ఇవాళ వాటిలో పనిచేస్తున్నవాళ్లు ఎంతమంది? గత రెండు డీఎస్సీల్లో అర్హులు లేరని మిగిలిపోయిన పోస్టులు ఏ రోస్టర్ పాయింట్లవి? ఆ పోస్టుల రిజర్వేషన్ మార్చాలన్న ప్రతిపాదన ఏ తారీఖున ఏ శాఖకు వెళ్లింది, ఇవాళ ఎవరి దగ్గర ఉంది? ఇందులో కోపం లేదు, షేర్ లేదు, నారా లేదు. కానీ ఏ ముక్కకూ 'తగిన చర్యలు' అని రాసి తప్పించుకోలేరు. ఇలాంటి పట్టిక ఒక్కటి బయటికి వస్తే వకీల్‌కు కోర్టులో పనికొస్తుంది, జర్నలిస్టుకు పత్రికలో పనికొస్తుంది, డీఎస్సీ రాసిన పిల్లకు తన జిల్లాలో ఏం జరిగిందో తెలుస్తుంది.

ఇలాగే ఇంకెన్నో అడగొచ్చు. తెలంగాణలో 2017 నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2022 నుంచి ఉర్దూ రాష్ట్రమంతటా రెండో అధికార భాష. ఆనాడు మిఠాయిలు పంచుకున్నాం. అప్పటి నుంచి ఏ కలెక్టరేట్‌కు ఉర్దూలో ఎన్ని దరఖాస్తులు వచ్చాయి, ఎన్నిటికి ఉర్దూలో జవాబు వెళ్లింది? షాదీ ముబారక్ కింద 1,00,116 రూపాయలని అందరికీ తెలుసు. దరఖాస్తు పెట్టిన రోజు నుంచి చెక్కు చేతికొచ్చేదాకా ఒక్కో మండలంలో సగటున ఎన్ని రోజులు పడుతోంది? పెళ్లయి, బిడ్డ పుట్టి, ఆ బిడ్డ నడుస్తున్నా చెక్కు రాని అమ్మీలు మన గల్లీల్లో ఉన్నారు. వాళ్ల తరఫున అడగడానికి తఖ్రీర్ దేనికి, నాలుగు లైన్ల కాగితం చాలు కదా?

సభ కూర్చోకపోతే

ఇక సర్కార్ల వైపు చూద్దాం. ప్రశ్నను చంపడానికి దాన్ని తిరస్కరించనక్కర్లేదు. సభను కూర్చోనివ్వకపోతే సరిపోతుంది. మన రెండు రాష్ట్రాల శాసనసభలు ఏడాది మొత్తంలో నెల రోజులు కూర్చోవడమే గగనమైపోయింది. పార్టీ ఏదైనా ఇదే తంతు. కూర్చున్న రోజుల్లోనూ గొడవలు, సస్పెన్షన్లు, వాకౌట్లు. ప్రతిపక్షం వాకౌట్ చేసి బయట మీడియా పాయింట్ దగ్గర సవాలు విసురుతుంది. లోపల సవాల్ అడిగేవాడు ఉండడు. పాలకపక్షానికి ఇంతకన్నా ఏం కావాలి?

ఇంకో దెబ్బ కూడా పడింది. సమాచార హక్కు చట్టంలో ఎనిమిదో సెక్షన్ కింద ఒక మంచి మాట ఉండేది. పార్లమెంటుకో శాసనసభకో ఇవ్వననడానికి వీల్లేని సమాచారాన్ని మామూలు మనిషికి కూడా ఇవ్వననకూడదు అని. అంటే ఎంపీకి ఉన్న ఇజ్జత్, దరఖాస్తు పట్టుకున్న రిక్షావాడికీ ఉండేది. 2023లో చేసిన డేటా రక్షణ చట్టం ఆ క్లాజును తిరగరాసి ఆ మాటను ఎత్తేసింది. మన సొంత దరఖాస్తుల దారి ఇరుకవుతున్నకొద్దీ సభలో ప్రశ్న విలువ పెరుగుతుంది. ఆ ప్రశ్న అడగని సభ్యుడి బరువు కూడా మన మీద పెరుగుతుంది.

మా బిరాదరీని కూడా వదలను. పత్రికల్లో మేం చేసేది ఏమిటి? సభలో ఎవరు ఎవర్ని ఏం తిట్టారన్నది మొదటి పేజీకి వెళ్తుంది. అదే రోజు సభ టేబుల్ మీద పెట్టిన జవాబుల కట్ట లోపలి పేజీలో సింగిల్ కాలమ్‌కు కూడా నోచుకోదు. ఉర్దూ అఖ్బార్లు కూడా తఖ్రీర్‌కు అరపేజీ ఇచ్చి, ఆ కట్టను పక్కన పడేస్తాయి. చదివేవాళ్లు లేరని మేమంటాం. రాసేవాళ్లు లేరని మీరంటారు. మధ్యలో వజీర్లు హాయిగా ఉన్నారు.

ప్రశ్నకు ఏ విలువా లేదనుకునేవాళ్లు 2005 డిసెంబర్‌ను గుర్తు చేసుకోవాలి. డబ్బు తీసుకుని పార్లమెంటులో ప్రశ్నలు వేయడానికి ఒప్పుకుంటూ రహస్య కెమెరాకు చిక్కిన 11 మంది ఎంపీలను బహిష్కరించారు. అది సిగ్గుపడాల్సిన కథే. కానీ అందులో ఒక సబఖ్ ఉంది. పనికిరాని సరుకును ఎవరూ కొనరు. వ్యాపారస్తుడికి ప్రశ్న విలువ తెలుసు కాబట్టే కొనడానికి చూస్తాడు. మనకు అది ముఫ్త్‌గా దొరికే హక్కు. ఓటుతోనే దాని ఖరీదు చెల్లించేశాం. అయినా తీసుకోకుండా దుకాణం ముందు నిలబడి నారాలు కొడుతున్నాం.

ఆ విలువ ఎంత దాకా వెళ్తుందో చెప్పడానికి పాత కథ ఒకటి చాలు. 1957లో ఎల్ఐసీ సొమ్ము ముంద్రా అనే వ్యాపారి కంపెనీల్లోకి వెళ్లిన సంగతి లోక్‌సభలో ప్రశ్నలతోనే మొదలైంది. పాలకపక్షంలోనే ఉన్న ఫిరోజ్ గాంధీ దాన్ని వదలకుండా పట్టుకున్నారు. నెహ్రూ సర్కారు జస్టిస్ ఎం.సి. చాగ్లాతో విచారణ చేయించాల్సి వచ్చింది. 1958 ఫిబ్రవరిలో ఆర్థికమంత్రి టి.టి. కృష్ణమాచారి ఇస్తీఫా ఇచ్చారు. సొంత పార్టీ సర్కారును అడిగినవాడు గద్దార్ కాడని ఆనాడు తేలింది. ఇవాళ మన ఎమ్మెల్యేలు పాలకపక్షంలో చేరగానే నోరు కుట్టేసుకుంటున్నారు, 'లోపల మాట్లాడుతున్నాను' అంటున్నారు. లోపల మాట్లాడిన మాటకు కాగితం ఏది జనాబ్?

మనం చేయాల్సింది

ఇది చదివి 'మాషా అల్లాహ్, బాగా రాశావు' అని వదిలేస్తే నాకు ఫాయిదా లేదు, మీకూ లేదు. మూడు పనులు చెబుతాను. మూడింటికీ పైసా ఖర్చు లేదు.

ఒకటి. మస్జిద్ కమిటీ అయినా, ఆపాల పొదుపు సంఘమైనా, ఉర్దూ బడి పాత విద్యార్థులైనా, ఒక్క మసలా ఎంచుకోండి. పదొద్దు, ఒక్కటే. దాన్ని 150 మాటల్లో ప్రశ్నగా రాయండి. ఏ జిల్లా, ఏ ఏడాది, ఎంత మంజూరు, ఎంత ఖర్చు, ఎవరి దగ్గర ఆగింది. కోపం తీసేయండి, లెక్కలు ఉంచండి. ఇంట్లో డిగ్రీ చదివిన బిడ్డకు ఇది ఒక సాయంత్రం పని.

రెండు. దాన్ని మీ ఎంపీకి, ఎమ్మెల్యేకి, ఎమ్మెల్సీకి సమావేశాలకు నెల ముందే ఇవ్వండి. ఫొటో దిగి రాకండి, అందినట్టు దస్తఖత్ తీసుకుని రండి. కేంద్రం పనికి ఎంపీ, రాష్ట్రం పనికి ఎమ్మెల్యే. తలుపు తప్పుగా తడితే 'మా పరిధి కాదు' అన్న జవాబే వస్తుంది.

మూడు. సమావేశాలు అయ్యాక చూడండి. పార్లమెంటు జవాబులు సన్సద్ డాట్ ఇన్‌లో అందరికీ కనిపిస్తాయి. సభ్యుడి పేరు కొట్టి వెతకొచ్చు. అవి హిందీలో, ఇంగ్లిష్‌లో ఉంటాయి, తెలుగులో ఉండవు. కాబట్టి చదవగలిగిన బిడ్డ చదివి దస్తర్‌ఖాన్ దగ్గర అమ్మీకి, అబ్బాకి, నానీమాకి వాళ్ల మాటల్లో చెప్పాలి. మన స్కాలర్‌షిప్ గురించి వజీర్ ఏం రాశాడో ఇంట్లో అందరికీ తెలియాలి. నెలకొకసారి ఒక జవాబు చాలు.

ఎన్నికలప్పుడు లీడర్ మన గల్లీకి వస్తాడు. పూలదండ వేయండి, షర్బత్ ఇవ్వండి, మెహమాన్‌నవాజీలో లోటు చేయకండి. ఆ తర్వాత కుర్చీ వేసి కూర్చోబెట్టి ఒక్కటే అడగండి: 'సాబ్, అయిదేళ్లలో మా గురించి సభలో ఎన్ని సవాళ్లు అడిగారు? వాటి జవాబులు తెచ్చారా?' కాగితాలు తీస్తే చదవండి. తఖ్రీర్ మొదలుపెడితే షర్బత్ గ్లాసు తీసుకుని లేవండి.